పచ్చికను దువ్వే ఇనుప పళ్ళు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఈసారి ఎక్కువ భాగం ఒకే పనిముట్టు గురించినవి. పాఠశాలలు, అతిథి గృహాలు, తోటలున్న ఇళ్ళవారు మినీ ట్రాక్టరు వెనుక తగిలించి లాగే డీథాచర్‌ను, అంటే పచ్చికలో పేరుకున్న చచ్చిన పీచును ఇనుప పళ్ళతో దువ్వి పైకి తీసే పనిముట్టును కొనుక్కొని, వాడకంపై సందేహాలు రాశారు. దీనికి ఇంజిను లేదు, తిరిగే బ్లేడు లేదు కాబట్టి ప్రమాదమూ లేదన్న ధీమా ఆ ఉత్తరాలలో చాలావాటిలో కనిపించింది. ఆ ధీమాతో మాకు పేచీ ఉంది. ఈ పనిముట్టు కదిలేది ట్రాక్టరు బలంతో. కాబట్టి జరగగల ప్రమాదాలన్నీ ట్రాక్టరు స్థాయిలోనే జరుగుతాయి.

ప్రశ్న: మా గురుకుల పాఠశాల ఆటస్థలంలో గరిక పచ్చిక కొన్నేళ్ళుగా ఉంది. వానలు వెలిసిన తర్వాత నడిస్తే పరుపు మీద అడుగేసినట్టు కాలు దిగుతోంది. ఒక దాత 40 అంగుళాల డీథాచర్ కొని ఇచ్చారు. ఇప్పుడే వాడవచ్చా? (మైదానం బాధ్యుడు, బరంపురం)

జవాబు: ముందు కొలవండి. పదునైన చాకుతో పచ్చికలో మూడు నాలుగు చోట్ల నాలుగంగుళాల లోతున ముక్క కోసి పైకి తీసి చూస్తే, పైన పచ్చటి ఆకు, కింద మట్టి, ఆ రెండింటి మధ్య గోధుమ రంగులో పీచులా అల్లుకుపోయిన ఒక పొర కనిపిస్తుంది. చచ్చిన కాడలు, వేళ్ళు, పాకుడు తీగలు కుళ్ళకుండా పేరుకుపోతే ఏర్పడే పొర అది. దాని మందం అర అంగుళం, అంటే సుమారు 12 మిల్లీమీటర్లు దాటనంత వరకు దాని వల్ల మేలే జరుగుతుంది: ఎండకు నేల త్వరగా ఆరిపోదు, పిల్లలు పడ్డా దెబ్బ తక్కువ తగులుతుంది. అది దాటితే నీరు, ఎరువు మట్టిదాకా దిగవు. వేళ్ళు మట్టిలోకి పోకుండా ఆ పీచులోనే పాకుతాయి. నాలుగు రోజులు నీరు తప్పితే పచ్చిక మొత్తం మాడుతుంది. మీ పొర అర అంగుళం లోపే ఉంటే దాత ఇచ్చిన పనిముట్టును ఈ ఏడాది షెడ్డులోనే ఉంచండి. వస్తువు చేతిలో ఉంది కదా అని వాడడం వల్ల పాడైన పచ్చికలను మేము తక్కువేమీ చూడలేదు.

పొర పెరగడానికి గడ్డి కోసినప్పుడు రాలిన ఆకు ముక్కలే కారణమని చాలామంది అనుకుంటారు. అవి మెత్తనివి, త్వరగానే కుళ్ళిపోతాయి. అసలు కారణాలు యూరియా అతిగా చల్లడం, రోజూ పైపైన నీళ్ళు పెట్టడం, పురుగుమందులతో వానపాములను చంపుకోవడం, నేల గట్టిపడిపోవడం. ఎర్రనేలల్లో ఆమ్లగుణం ఎక్కువగా ఉన్నచోట కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల పని కూడా మందగిస్తుంది. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష చేయించి, వారు చెప్పిన మోతాదులో మాత్రమే సున్నం వేయండి.

ఇక సమయం. గరిక వేడికాలపు గడ్డి; అది చురుగ్గా పెరిగే రోజుల్లో గీకితేనే గాయం పూడుతుంది. కోస్తాలో నీటి వసతి ఉన్నవారికి ఫిబ్రవరి చివర నుంచి మార్చి మంచి అదను. నీరు చాలనివారు జూన్‌లో తొలివానలు పడి, పైమట్టి చేతికి అంటుకోనంతగా ఆరేదాకా ఆగాలి. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్ పీఠభూమిలో డిసెంబరు, జనవరి చలికి గడ్డి నిద్రపోతుంది. అక్కడివారు ఆ రెండు నెలలూ దీని జోలికి పోవద్దు. మీరు రాసిన నేల ఇంకా కాలు దిగేంత తడిగా ఉంటే ట్రాక్టరు చక్రాల గాడులు పడి పీచుపొర కన్నా పెద్ద నష్టం జరుగుతుంది.

ప్రశ్న: మా మినీ ట్రాక్టరు డ్రాబార్ (వెనుక పనిముట్లను తగిలించి లాగే కడ్డీ) కొంచెం ఎత్తు. డీథాచర్ తగిలిస్తే దాని ముందు వరస పళ్ళు గాలిలో ఉంటున్నాయి, వెనుక వరస మాత్రం నేలను తవ్వేస్తోంది. మా డ్రైవరు అంత ఎత్తు ఎలాగూ ఉంది కదా అని గొలుసుతో పైన టాప్ లింకు రంధ్రానికి (ట్రాక్టరు వెనుక పైభాగాన పనిముట్లు బిగించే చోటు) కట్టి, గొలుసు పొడుగు సర్ది నడుపుతున్నాడు. పని సాగుతోంది. ఇలా చేయవచ్చా? (ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: చేయకూడదు. ఈ ఉత్తరం చదివిన రోజునే ఆ గొలుసు విప్పించండి.

ట్రాక్టరు దేన్ని లాగినా, లాగుడు తగిలే చోటు వెనుక ఇరుసు కన్నా కిందనే ఉండాలి. అలా ఉన్నప్పుడు బరువు ఎక్కువై పనిముట్టు ఎక్కడైనా పట్టుకుపోతే ట్రాక్టరు ముందు భాగం అంత సులువుగా పైకి లేవదు, చాలావరకు వెనుక చక్రాలు ఉన్నచోటే తిరిగి జారతాయి. టాప్ లింకు రంధ్రం ఇరుసు కన్నా పైన ఉంటుంది. అక్కడ కట్టినప్పుడు డీథాచర్ పళ్ళు ఒక చెట్టు వేరుకో, పాతిపెట్టిన నీటి పైపుకో తగులుకుంటే, వెనుక చక్రాలు ముందుకు తిరగబోతూ ట్రాక్టరు ముందు భాగాన్నే పైకి లేపుతాయి. ట్రాక్టరు వెనక్కి తిరగబడేది ఇలాగే. అది క్షణాల్లో జరిగిపోతుంది. క్లచ్ తొక్కుదామన్న ఆలోచన వచ్చేసరికి డ్రైవరు కింద ఉంటాడు. డీథాచర్ తేలికే కాబట్టి అంత దూరం రాదని మీ డ్రైవరు అనవచ్చు. తేలికైన పనిముట్టు కూడా వేరుకు తగులుకున్న క్షణంలో తేలిక కాదు. పైగా గొలుసు వాడితే ఇంకో చిక్కు ఉంది: వాలులో దిగేటప్పుడు గొలుసు వదులై పనిముట్టు ముందుకు దొర్లి చక్రానికి గుద్దుకుంటుంది. లాగేది ఎప్పుడూ గట్టి ఇనుప కడ్డీ, పిన్నులతోనే.

మీ అసలు ఇబ్బందికి దారి వేరే. డీథాచర్ ముందుకడ్డీ నేలకు సమాంతరంగా నిలిస్తేనే రెండు వరసల పళ్ళూ ఒకే లోతున ఆనుతాయి. చాలా డీథాచర్లకు ముందుకడ్డీ కొసన రెండు మూడు రంధ్రాలున్న పట్టీ ఉంటుంది. దాన్ని మార్చి చూడండి. అదీ చాలకపోతే డ్రాబార్‌కు కిందికి వంగిన పట్టీ ఒకటి మంచి వెల్డరు చేత చేయించుకోండి. పాత ఇనుముతో కాక, డ్రాబార్‌తో సమానమైన మందం గల కొత్త పట్టీతో చేయించండి. తర్వాత సమతలంగా ఉన్న సిమెంటు నేలపై ట్రాక్టరు ఆపి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే కడ్డీ వాలు కంటికే తెలుస్తుంది. పిన్ను పెట్టాక అది ఊడకుండా దాని కింద కాటర్ పిన్ను తప్పనిసరి. మేకు వంచి పెట్టడం, బైండింగ్ తీగ చుట్టడం ఊళ్ళలో మామూలైపోయింది. గంటసేపు అదిరే పనిలో మేకు అరిగి తెగుతుంది, పిన్ను పైకి లేచి ఊడుతుంది.

డ్రాబార్‌కు తగిలించేటప్పుడు ట్రాక్టరుకు, డీథాచర్‌కు మధ్య మనిషి నిలబడి ఉండగా ట్రాక్టరును వెనక్కి రానివ్వకండి. ఈ పనిముట్టు తేలికే కాబట్టి ట్రాక్టరు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, దాన్నే చేతులతో ట్రాక్టరు దగ్గరకు నెట్టుకు రావడం ఉత్తమం. పీటీఓతో, అంటే ఇంజిను బలాన్ని పనిముట్టుకు అందించేందుకు ట్రాక్టరు వెనుక తిరిగే షాఫ్టుతో, దీనికి అవసరం లేదు. అది ఆపివేసి, షాఫ్టు మూత బిగించి ఉండాలి. భుజాన తువ్వాలు వేలాడేసుకుని నడిపేవారికి ఈ మాట ప్రత్యేకం.

ప్రశ్న: డీథాచర్ పైన ఉన్న పళ్ళెంలో బరువు కోసం సిమెంటు ఇటుకలు పెడుతున్నాం. బరువు చాలనప్పుడు మా పనివాడు పళ్ళెంపై కూర్చుంటున్నాడు. సరేనా? (తోట యజమాని, జయపురం)

జవాబు: వద్దు. అతను జారితే పడేది పళ్ళ ముందే. పళ్ళెం మోయగల బరువు పనిముట్టుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మనిషి బరువును దృష్టిలో పెట్టుకుని దాన్ని ఎవరూ తయారు చేయరు. పిల్లలను సరదాకు ఎక్కించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఇటుకల కన్నా చిన్న గోనె సంచుల్లో ఇసుక నింపి, తాడుతో కట్టడం మేలు, కుదుపులకు అవి దొర్లవు. మొదట బరువు లేకుండా ఒక వరస లాగి, పీచు రాకపోతే కొద్దికొద్దిగా పెంచండి. పళ్ళ మొనలు పీచుపొరను దువ్వుతూ మట్టిని తాకీ తాకనట్టు ఉండాలి. మట్టి గీతలు పడుతున్నాయంటే బరువు ఎక్కువైంది.

ప్రశ్న: సముద్రానికి దగ్గరలో మా అతిథి గృహం ఉంది. కొన్న ఏడాదికే డీథాచర్ పళ్ళు తుప్పు పట్టాయి, రెండు విరిగాయి. తుపాను తర్వాత నేలలో దిగబడిన మేకులు, రేకు ముక్కలు కూడా పైకి వస్తున్నాయి. ఏం చేయాలి? (అతిథి గృహ నిర్వాహకురాలు, గోపాలపురం)

జవాబు: అమ్మా, మీ రెండో మాటతో మొదలుపెడతాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మీ తీరాన్నే దాటింది. పెద్ద తుపాను వచ్చిన చోట ఎగిరిపడిన కప్పుల రేకులు, మేకులు, గాజు పెంకులు ఏళ్ళు గడిచినా పచ్చిక కింద ఉంటాయి. డీథాచర్ పళ్ళు స్ప్రింగు చుట్ట గలవి. ఒక రాయికో మేకుకో తట్టుకుని వెనక్కి వంగి, ఒక్కసారిగా వదిలినప్పుడు ఆ మేకును దూరంగా విసురుతాయి. అందుకే లాగడానికి ముందు ఒక పూట కేటాయించి నేలంతా నడిచి ఏరించండి. పెద్ద అయస్కాంతాన్ని తాడుకు కట్టి నేలను తాకీ తాకకుండా ఈడిస్తే మేకులు, తీగ ముక్కలు చాలావరకు వస్తాయి. ఆస్బెస్టాస్ రేకు ముక్కలు కనిపిస్తే పొడిగా విరగ్గొట్టకండి; నీళ్ళు చల్లి, ముక్కుకు మాస్కు, చేతికి తొడుగు వేసుకుని ఏరి సంచిలో కట్టేయించండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీటి స్ప్రింక్లర్ తలలు, నేలమట్టానికి ఉన్న కుళాయి మూతలు ఎక్కడున్నాయో గుడ్డ కట్టిన పుల్లలతో గుర్తులు పెట్టించండి. పని జరిగేటప్పుడు అతిథులు, పిల్లలు ఆ పచ్చికలో ఉండకూడదు. నడిపేవారికి కళ్ళద్దాలు, బూట్లు ఉండాలి. హవాయి చెప్పులతో ఈ పని చేయనివ్వకండి.

పళ్ళు విరగడానికి తుప్పు ఒక కారణం మాత్రమే. మీ మనిషి పళ్ళు నేలకు దించి ఉండగానే మూల మలుపు తిప్పుతున్నాడా, లేక వెనక్కి నడుపుతున్నాడా అన్నది చూడండి. పళ్ళు ముందుకు లాగినప్పుడు వెనక్కి వంగేలా తయారైనవి; పక్కకు మెలిపెడితే, వెనక్కి నెడితే చుట్ట దగ్గర బీటవారుతుంది. మలుపు వచ్చేముందు ఆగి, లీవరుతో పళ్ళు పైకెత్తి, తిరిగాక దించాలి. సిమెంటు బాట, కంకర దాటేటప్పుడు కూడా ఎత్తవలసిందే. వేగం మనిషి నడక వేగాన్ని, అంటే గంటకు నాలుగైదు కిలోమీటర్లను మించకూడదు.

పన్ను విరిగిందని తెలిస్తే అక్కడే ట్రాక్టరు ఆపి, ఆ ముక్క దొరికేదాకా వెతికించండి. పచ్చికలో ఉండిపోయిన ముక్క రేపు గడ్డి కోసే యంత్రం బ్లేడుకు తగిలి గుండులా ఎగురుతుంది, లేదా పరుగెత్తే పిల్లవాడి కాల్లో దిగుతుంది. తుప్పు ఇనుము లోతుగా గుచ్చుకుంటే సబ్బు నీళ్ళతో కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించి ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అడగాలి.

వంగిన పన్నును సుత్తితో సాపు చేసి మళ్ళీ వాడడం పొదుపనిపిస్తుంది, కాని ఒకసారి వంగి నిటారైన ఉక్కు మళ్ళీ అక్కడే విరుగుతుంది. కొత్తది వేయించండి. ఏ పళ్ళు మార్చాలో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. డీథాచర్‌ను చదునైన సిమెంటు నేలమీద పళ్ళు ఆనేలా దించి, ఒక పాత శుభలేఖను ఒక్కో పన్ను కిందికీ జరపండి. ఇతర పళ్ళ కింద అట్ట ఆగుతుంటే ఒకదాని కింద మాత్రం సునాయాసంగా దూరిపోయిందంటే అది అరిగింది, లేదా వంగింది. అలాంటి పన్ను ఉన్నచోట పచ్చికలో దువ్వని చార మిగిలిపోతుంది, పక్క పళ్ళ మీద భారం పెరుగుతుంది. ఈ పరీక్ష, నట్ల బిగింపు, పన్ను మార్పిడి అన్నీ ట్రాక్టరు నుంచి విడదీశాకే చేయాలి. నైలాన్ వలయం ఉన్న నట్లను ఒకటికి రెండుసార్లు విప్పి బిగిస్తే పట్టు తగ్గుతుంది, వాటిని కూడా మార్చండి.

ఉప్పుగాలి విషయంలో నియమం ఒక్కటే: వాడిన ప్రతిసారీ చుట్టల్లో ఇరుక్కున్న పీచు తీసి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, పళ్ళకు, చుట్టలకు పలచగా నూనె పూయాలి. ట్రాక్టరు నుంచి తీసిన నల్ల ఇంజినాయిలు పూయకండి. మరుసటిసారి అది మీ పచ్చికలోకే కారుతుంది. చక్రాల బుష్షులకు గ్రీజు, పెయింటు పెచ్చు లేచిన చోట గీకి తుప్పు నిరోధక పెయింటు వేయించండి. నిలవ చేసేటప్పుడు పళ్ళు గోడవైపు ఉండేలా చెక్క దిమ్మెల మీద పెట్టించండి. నేలమీద వెల్లకిలా వదిలేస్తే చీకట్లో షెడ్డులోకి వచ్చినవారి కాళ్ళకు అవే తగులుతాయి.

ప్రశ్న: మా పచ్చిక కొండవాలున ఉంది. డీథాచర్ అడ్డంగా లాగాలా, నిలువుగా లాగాలా? (ఒక పాఠకురాలు, రాయగడ)

జవాబు: ముందు అసలు లాగవచ్చా లేదా అన్నది తేల్చుకోండి. మీటరు పొడుగున్న కర్రను ఒక కొస నేలకు ఆనించి, రసమట్టం సాయంతో సమంగా పట్టుకుంటే, రెండో కొస కింద నేలకు ఎంత ఎడం ఉందో కొలవండి. అది 17 సెంటీమీటర్లు దాటితే వాలు సుమారు 10 డిగ్రీలన్నమాట. అంతకు మించిన చోట వెనుక లాగే పనిముట్టు వాడవద్దు, పొడుగు కర్ర ఉన్న ఇనుప దంతెతో మనుషుల చేత గీయించండి. మీ పనిముట్టు పుస్తకంలో ఇంకా తక్కువ హద్దు ఉంటే దాన్నే పాటించండి. ఆ లోపు వాలులో నిలువుగానే, అంటే ఎగువ నుంచి దిగువకు, దిగువ నుంచి ఎగువకు నడపాలి. అడ్డంగా నడిపితే ట్రాక్టరు పక్కకు పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచాలి, న్యూట్రల్ చేయకూడదు. మన ట్రాక్టర్లకు కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళు వేరువేరుగా ఉంటాయి కదా, వాటిని కలిపే కొక్కెం వేసి ఉండాలి. వాలులో ఒక్క చక్రానికే బ్రేకు పడితే ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. మంచు, వాన తడి ఆరేదాకా వాలు మీదికి పోవద్దు.

ప్రశ్న: రెండు వైపులా దువ్వాక మా పచ్చిక సగం మట్టి కనిపిస్తోంది. చచ్చిపోయిందా? (ఒక పాఠకుడు, గుణుపురం)

జవాబు: గరిక అయితే దిగులు పడకండి. దానికి నేలపైన పాకే తీగలే కాక నేల కింద కూడా కణుపుల కాడలు ఉంటాయి. అదనులో చేసి ఉంటే కొన్ని వారాల్లో కమ్ముకుంటుంది. కొరియన్ గడ్డి రకాలు నెమ్మదిగా కోలుకుంటాయి, వాటిని ఒక్క దిశలో పైపైన దువ్వితే చాలు. వెడల్పాటి ఆకుతో, నేలపై తీగలతో మాత్రమే పాకే రకాలకు ఈ పనిముట్టు తగదు. తీగలు పోతే ఇక చిగురించడానికి కింద ఏమీ మిగలదు.

పైకి వచ్చిన పీచును అదే రోజు ఊడ్పించి, నిండుగా ఒక తడి ఇవ్వండి. కొత్త చిగురు కనిపించాక చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా సమంగా చల్లి, వెంటనే నీళ్ళు పెట్టండి. కలుపు గింజలను మొలవనివ్వని మందులు ఈ సమయంలో వాడకండి. చిగురు కమ్ముకునేదాకా ఆటలు ఆపడం కష్టమే, అయినా ఆపాలి.

ప్రశ్న: దువ్వగా వచ్చిన ఎండుగడ్డి బండెడు అయింది. మా ఆవులకు వేయవచ్చా? తగలబెట్టమని కొందరు అంటున్నారు. (ఒక పాఠకుడు, ఛత్రపురం)

జవాబు: ఆవులకు వేయకండి. అందులో మట్టి, పాత పురుగుమందుల శేషాలు ఉంటాయన్నది ఒక కారణం. అసలు భయం ఇనుముతో. పశువు మేతను నమలకుండా ముందు మింగేస్తుంది కాబట్టి పీచులో చిక్కుకున్న తీగ ముక్క, విరిగిన పంటి మొన దాని నాలుగు గదుల పొట్టలో రెండో గదికి చేరి అక్కడే నిలుస్తుంది. ఆ గదికి గుండె చాలా దగ్గర. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా ఆ ఇనుము గోడను పొడుస్తూ పోయి, కొన్నిసార్లు గుండె పొరదాకా చేరుతుంది. అలాంటి పశువు మేత మానేస్తుంది, వీపు వంచి నిలబడుతుంది, వాలు దిగడానికి మొరాయిస్తుంది. ఇదివరకే ఒకటి రెండు పూటలు వేసి ఉంటే ఈ లక్షణాల కోసం గమనించి, ఏది కనిపించినా పశువైద్యుని పిలవండి.

తగలబెట్టడం కూడా వద్దు, పచ్చిక అంచుకు నిప్పు పాకితే ఆపడం మీ చేతిలో ఉండదు. పని జరిగేటప్పుడు కూడా ఎండుపీచును ట్రాక్టరు సైలెన్సరు దగ్గర పేరుకోనివ్వకండి. పీచంతా గోతిలో పొరలుగా వేసి, ఒక్కో పొర మీదా పేడనీళ్ళు చల్లి, పైన మట్టి కప్పి, నెలకోసారి తిరగేయండి. కలుపుమందు కొట్టిన పచ్చిక నుంచి వచ్చిన పీచయితే ఆ ఎరువును కూరగాయల మడులకు వాడవద్దు. గోతిలో వేసేముందు ఒకసారి అయస్కాంతం తిప్పి, దొరికిన ఇనుప ముక్కలను పాత సామాన్లవాడికి ఇచ్చేయండి.